పెట్రోలు ఖర్చులకు

బుసియాలో బోడాబోడా తోలుతాను, పేరు మంగేని.
ఇటు యుగాండా, అటు కెన్యా,
నడుమ లారీల వరుస పక్కన
తెల్లారేసరికి నా మోటారుసైకిలు నిలబడి ఉంటుంది.
తనని మొదటిసారి ఎక్కించుకున్నది ఒక మంగళవారం.
"ఎక్కడికి?"
"మంత్రసానుల ఇళ్ళకి. ఎన్నుంటే అన్ని."
బేరం ఆడలేదు. అందుకే గుర్తుంది.

సంచిలో కరపత్రాలు, నాలుగు అరటిపళ్ళు,
వాన తగలకుండా రెండు పొరల్లో చుట్టిన పాత ఆసుపత్రి చీటీ.
చీటీ మీద తేదీ ఉంది, సంతకం ఉంది,
ఏం కోశారో లేదు.
అప్పటికి ఆరేళ్ళట.
మత్తు దిగాక ఎవరో చేతిలో
ఆరెంజి సోడా పెట్టారట, ఏడవకుండా.
ఇప్పటికీ ఆ రంగు సీసాలు వేలాడే కొట్టు కనిపిస్తే
"కాస్త ఎడంగా పోనీ" అంటారు.

మా సామియాల్లో రాత్రి పుట్టిన ఆడపిల్ల నబ్విరె,
మగపిల్లాడు వబ్విరె.
తల్లి అలా పిలిచింది, మేనమామ ఇలా పిలిచాడు,
అక్కాతమ్ముళ్ళకి పదేళ్ళు మాటల్లేవు.
పెద్దయ్యాక తను ఆ మొదటి అక్షరాన్ని గిల్లేసి
బ్విరె అని మిగుల్చుకున్నారు. ఉత్త రాత్రి.
"రాత్రిని ఎవరైనా నువ్వేంటని అడుగుతారా, మంగేనీ?"
నేను గేరు మార్చాను.
జవాబు తోచనప్పుడు అదే చేస్తాను.

మా భాషలో అతనికీ ఆమెకీ ఒకటే మాట.
నలభై ఏళ్ళు నోటినిండా మాట్లాడి
ఆ సంగతి ఒక్కసారీ గమనించలేదు.
మరి జనన పత్రం మీదకి ఆ రెండు గడులు
ఏ లారీలోంచి దిగాయో!

ఒక ఊళ్ళో కొడవలి చూపించారు.
ఇంకో ఊళ్ళో టీ ఇచ్చి, మేం దాటాక
కప్పులు పగలగొట్టారట.
శాపం, అన్నాడు పాస్టరు.
"అయ్యా, పోయినేడు మీ ఆవుకి అటూ ఇటూ కాని దూడ పుట్టిందటగా,
ఏం చేశారు?"
"పెంచుతున్నా. బాగా మేస్తుంది."
ముందు ఆడవాళ్ళు నవ్వారు. ఆఖర్న పాస్టరు.

నసిరుంబి ముసలమ్మ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు.
చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది.
చాలాసేపటికి
"ముగ్గురు," అంది.
"నా చేతుల మీద ముగ్గురు.
చచ్చి పుట్టారని చెప్పాను తల్లులకి."
గిన్నెలో గింజల చప్పుడు ఆగిపోయింది.
నేను తాళంచెవి తీశాను, లేస్తారనుకుని.
లేవలేదు.
చాప మీద దగ్గరగా జరిగి
ఒక కాయ అందుకుని ఒలవడం మొదలుపెట్టారు.
చీకటి పడేదాకా ఆ ఇద్దరూ ఒలిచారు.
నేనూ ఒలిచాను, ఏం చెయ్యను.

ఏడాదిన్నర తర్వాత, వానలో, నడిరాత్రి ఫోను.
"బిడ్డ పుట్టింది. గట్టిగా ఏడుస్తోంది.
నేనేమీ చెప్పలేదు. చెప్పను కూడా. మీరు రండి."
బురదలో రెండుసార్లు పడ్డాం.
తండ్రి గుమ్మంలోనే ఉన్నాడు, కుర్రాడు, ఫోను దీపం పట్టుకుని.
"మగా ఆడా అని మా అమ్మ అడుగుతుంది. ఏం చెప్పను?"
తను బిడ్డని ఒళ్ళోకి తీసుకుని
వేళ్ళు లెక్కపెట్టారు, పైకే, ఒక్కొక్కటే.
"ఇరవై. బరువుంది. ఆకలిగా ఉంది.
ఇవాళ్టికి మీ అమ్మకి ఇవి చెప్పు.
జ్వరమొస్తే, ఉచ్చ ఆగితే ఆసుపత్రికి.
ఊరికే సరిచేస్తామంటే సంతకం పెట్టకు.
మిగతాది బిడ్డే చెబుతుంది, మాటలొచ్చాక."
నసిరుంబి దీపం వత్తి ఎగదోసింది. అంతకన్నా ఏం చేసిందో చీకట్లో నాకు కనపడలేదు.

తెల్లారి తను పెట్రోలుకని డబ్బులిచ్చారు.
తీసుకున్నాను. పిల్లల ఫీజులున్నాయి నాకు.

దారిలో కొట్టు.
వాన కడిగిన సీసాలు, నారింజ రంగు, వరుసగా.
అలవాటుగా ఎడంగా తిప్పబోయాను.
"ఆపు."
ఆపాను.
దిగలేదు, కొనలేదు.
వెనక సీటు మీద కూర్చుని వాటికేసి చూశారు,
ఇంజను చల్లబడేదాకా.
"పద."