నాలుగో పలక

లాప్‌టాప్ ఒకటి, పని ఆరుగురిది.
పెన్‌డ్రైవులన్నీ బిస్కట్ల రేకుడబ్బాలో.
ఏ ఇంటి గోడ ఏ డ్రైవులో ఉందో
ఫిర్మీను ఒక్కడికే తెలుసు,
అతనికీ సోమవారాల్లో గుర్తుండదు.

ఓవార్‌లో ఇళ్ళు ఒంటినిండా నీలిపలకలు తొడుక్కుంటాయి.
సముద్రపు ఉప్పు వెనకనుంచి తొలుస్తుంది.
రాలిన పలకకి జోడీ చేసేది మేం.
విప్పేముందు ప్రతి గోడకీ ఫోటో,
ప్రతి పలక వీపున పెన్సిల్‌తో ఒక అంకె.
ఆ ఫోటో పోతే
మిగిలేది గోడ కాదు, గోనెసంచుల్లో పెంకులు.

మార్చిలో పోయింది.
మందుల షాపు ముఖం, మూడొందల నలభై పలకలు.
పెన్‌డ్రైవుని ఎవరో ప్యాంటు జేబులో ఉంచి ఉతికేశారు.
ఎవరో అంటే నేనే.

అప్పుడు పిలిచాను ఇలీదియుని,
రేవులో చేపల వేలంవాళ్ళ కంప్యూటర్లు చూసే కుర్రాడు.
రెండు డిస్కుల పెట్టె చాలదా అన్నాను, ధర చూసి.
"ఒకటి రెండోదానికి అద్దం.
ఒకటి పగిలినా బొమ్మ ఉంటుంది.
మీరు చెరిపేశారా, అద్దంలోనూ చెరిగిపోతుంది జుల్మీరా గారూ,
అద్దానికి సొంత జ్ఞాపకం ఉండదు."
ఏడాదికెన్ని ఫోటోలో అడిగి
నాలుగు గదుల పెట్టె రాసిచ్చాడు.
డిస్కులు మాత్రం రెండు దుకాణాల్లో కొనమన్నాడు:
ఒకే కాన్పులో పుట్టినవి
ఒకే వారంలో పోతాయట.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తగాదా.
బట్టీ పక్కన సెగ, కిటికీ పక్కన ఉప్పుగాలి,
నా గదిలో దాని రొద నాకు పడదు.
చివరికి మెట్లకింద, చీపుర్ల సరసన,
నేలకి మూరెడెత్తున చెక్క కొట్టి.
తోడుగా ఒక బ్యాటరీ,
కరెంటు పోతే, అది నెమ్మదిగా కళ్ళు మూసుకునేదాకా
చేయి పట్టుకుని కూర్చునేందుకు.

పేర్లు పెట్టడానికే రెండు రోజులు.
"కొత్త ఫోల్డరు", "కొత్త ఫోల్డరు రెండు",
"చివరిది", "చివరిది కాదు", "ఇదే నిజంగా చివరిది".
వీధి, ఇంటి అంకె, ఏడాది. ఇంకేం రాయొద్దన్నాను.
చెరిపే అధికారం ఎవరికీ ఇవ్వలేదు.
నాకు కూడా.

శనివారం, అంతా ఎక్కించాక,
ఇలీదియు మూడో డిస్కుని పట్టి లాగేశాడు,
పెట్టె నడుస్తుండగానే.
కీచుమంది. నారింజ దీపం.
ఫిర్మీను శిలువ గీసుకున్నాడు.
"ఇప్పుడు ఏదైనా తెరవండి."
తెరిచాం: బడిపంతులు ఇల్లు, పై అంతస్తు,
కిటికీ చుట్టూ ద్రాక్షతీగ.
ఒక్క ఆకు తగ్గలేదు.

"మిగిలిన మూడూ కలిసి
పోయినదాంట్లో ఏముండాలో లెక్కగడతాయి."

ఫిర్మీను చాలాసేపు మాట్లాడలేదు.
నలభైమూడేళ్ళుగా అతను చేస్తున్నది అదే.
ఎడమ పలక అంచున తెగిన తొడిమ,
కుడి పలకలో అప్పుడే మొదలైన పువ్వు,
పైనుంచి దిగుతూ ఆగిపోయిన నీలం,
మధ్య ఖాళీ ఏమిటో ఇరుగుపొరుగే చెబుతారు.

"రెండు పోతే?" అన్నాడు.
జవాబు అతనికీ తెలుసు.
పక్కపక్కన రెండు రాలిన చోట
గీసేదంతా కల్పన,
తెల్లగా వదిలేయడమే మర్యాద అంటాడు.

అందుకే ఇంకో రెండు డిస్కులు, వంతులవారీగా.
వారానికో నకలు ఊరికి ఆ చివర,
ఒతీలియా రొట్టెల దుకాణంలో, ఈస్టు డబ్బాల వెనక.
మా కప్పు కాలినా
ఆ కప్పు కింద మా గోడలుంటాయి.
అద్దె ఏమీ అడగలేదావిడ,
తన గుమ్మం మెట్టుకి ఊడిన పలక తప్ప.

మొదటి శుక్రవారం డిస్కు మార్చుకొచ్చాను.
మూత మీద పిండి, ఒక బొటనవేలి ముద్ర.
తుడవబోతే ఫిర్మీను ఆపాడు.
వెనక్కి తిప్పి
పెన్సిల్‌తో ఒక అంకె వేశాడు.