మీటరు రీడింగు

ఫ్రీస్లాండులో జనవరి. కాలువ మీద మంచు
పాలమీగడంత పల్చన, ఇంకా కాలు మోపనివ్వదు.
గ్యాసు మీటరు చూడ్డానికి వెళ్ళాను
సీట్స్కె గారి గాజుతోటకి.
ఒకప్పుడు టమాటాలు కాసిన చోట
ఇప్పుడు పదకొండు ఊసరవెల్లులు.

కళ్ళద్దాలకి ఆవిరి కమ్మి ముందేమీ కనపడలేదు.
"అడుగు చూసి వెయ్యి" అందామె,
"హెండ్రికా నేల మీదుంది, గుడ్లకి చోటు వెతుక్కుంటోంది."

గిన్నెలో నీళ్ళు పెడితే ముట్టవట.
ఆకు చివర వేలాడే బొట్టయితేనే
నీరని నమ్ముతాయట.
అందుకని రెండు పూటలా చేతిపంపుతో వాన కురిపిస్తుంది
డెబ్బై ఆరేళ్ళ భుజం నొప్పితో.

బిల్లు చూపించాను. చూడలేదు.
దీపం కింద ముసలివాణ్ణి చూపించింది:
వెలుగు వైపు ఒళ్ళంతా బొగ్గు నలుపు,
నా వైపు లేత పచ్చ.
"ఒక్క పక్కతోనే వేడి తాగుతాడు."
వాడి ఒక కన్ను బల్బు మీద, ఒకటి నా పెన్ను మీద.

రంగులు మారుస్తాడని
మా ఆఫీసులో ఒకణ్ణి తిట్టుకుంటాం.
వీడికి దాచడమే చేతకాదు.
చలేస్తే చలి, కోపమొస్తే కోపం,
అంతా తోలు మీదే.

నాలుగున్నరకే చీకటి. టార్చి వేసి లెక్కపెట్టింది.
నిద్రలో పాలిపోతాయవి,
కొమ్మల్లో ఎవరో మరిచిపోయిన చేతితొడుగుల్లా.
తొమ్మిది. పది.

ఇద్దరం మోకాళ్ళ మీద వంగాం.
మూలన ఇసుకలో హెండ్రికా,
తోక మాత్రం బయట,
ఇంకా తవ్వుతూనే ఉంది.

అంకె రాసుకోలేదని
వంతెన దాటాక గుర్తొచ్చింది.