పై దవడ, కింది దవడ

గురువారం నౌపడా బండిలో
పసిపిల్లని ఒళ్ళో పెట్టుకున్నట్టు పెట్టుకుని
స్కానరు తెస్తాను పర్లాకిమిడికి.
టెక్కలి దాటాక ఎవరో ఒకరు అడుగుతారు,
ఏటి బాబూ ఆ డబ్బాలో అని.
నోటి లోపల ఫొటో తీసే మిషనంటే
కాస్త జరిగి కూర్చుంటారు, నోరు మూసుకుని.

ఆ రోజు మొదటి పేరు తవిటమ్మ.
కాశీనగరం సంతలో ఎండుచేపలు.
పుట్టినవాళ్ళు పుట్టినట్టు పోతుంటే
తనని చేటలో వేసి పక్కింటావిడకిచ్చేసి
మూడు దోసిళ్ళ తవుడికి మళ్ళీ కొన్నారట.
"ఈ పళ్ళు మాత్రం తవుడుకి రావు గావాల" అంది
రేట్ల కాగితం తలకిందులుగా పట్టుకుని.

పదకొండేళ్ళు ముద్ద కలిపాను నేను.
గులాబీ పిండి, నీళ్ళు, గబగబా రబ్బరు గిన్నెలో,
గొంతులోకి జారకముందే గట్టిపడమని దణ్ణం.
ఎంతమంది కక్కారు ఈ చొక్కా మీద!
నా గోళ్ళ సందు సున్నం నా పెళ్ళినాడు కూడా వదల్లేదు.
ఇప్పుడు వేలెడంత వెచ్చటి గొట్టం,
దాని కొసన నీలి వెలుగు,
తెరమీద కొంచెం కొంచెంగా పుట్టుకొచ్చే చిగుళ్ళు.

పళ్ళున్న నోరైతే దానికి కొండగుర్తులుంటాయి.
ఈ కోర, ఆ విరిగిన దవడపన్ను, మధ్యలో సందు,
గుర్తుపెట్టుకుంటూ పోతుంది.
తవిటమ్మ నోట్లో ఏముంది?
నీళ్ళు తీసిన వంశధార ఇసుక.
నున్నగా, తడిగా, ఎటు చూసినా ఒకేలా.
దారి తప్పానని కూసింది మిషను.
గుడ్డతో తుడిచాను. మళ్ళీ కూసింది.
బుగ్గ లాగి పట్టాను. మళ్ళీ.
చివరికి అంగిట్లో రంగు ముద్దతో
ముగ్గుకి ముందు పెట్టినట్టు చుక్కలు పెట్టాను, వరసకి మూడు.
అప్పుడు కదిలింది, చుక్క నుంచి చుక్కకి.

నాలిక కదపకమ్మా, అన్నాను.
గొట్టం బయటికి తీసేదాకా ఓర్చుకుని అంది కదా:
"నోరు తెరిసి గమ్మునుండమంటే ఎలగ బాబూ,
అరవయ్యేళ్ళలో ఒకపాలి కూడా నాను
నోరు తెరిసి గమ్మునున్నది నేదు."

తినడానికేనా పళ్ళు, అని అడిగాను. ఫారంలో ఆ గడి ఉంది.
"తిండికేటి, సిగుళ్ళతోటి సెనగలే నమిలేత్తన్నాను.
బేరానికి.
తెలుగులో అరవై అంటే అరవయ్యే, పళ్ళక్కర్నేదు.
సవరోళ్ళకి ఏళ్ళు సూపిత్తే సాలు.
ఒడియావోళ్ళకి సాఠియే అనాల.
నానంటే హాఠియే అని వత్తాది.
ఏనుగు ఎంతకిత్తావు మావుసీ అని పక్కున నవ్వుతారు.
సుఖువా అని కేకేత్తే
ఒట్టి కుండలో గాలూదినట్టుంటాది."
(ఆమె మాటల్లో స ఉన్నచోటల్లా గాలే.
రాసేటప్పుడు నేను పెట్టాను.)

తెరమీద రెండు దవడలూ తేలుతున్నాయి, మనిషి లేకుండా.
కింది దవడ లోపల ఒక వింత రెక్క.
కదిలిన నాలిక అంచు, అరసెకనుది.
అదనపు భాగం, తీసెయ్యనా? అంది కంప్యూటరు.
ఏ మాట మధ్యలో దొరికిపోయిందో అది,
ఏ భాషదో.
తీసేశాను. పళ్ళు చేసేవాళ్ళకి అది అక్కర్లేదు.
నా బండి పాతపట్నం చేరకముందే
ఫైలు విశాఖ చేరింది.

మూడు గురువారాల తర్వాత
పళ్ళు పెట్టి చేతికి అద్దమిస్తే పక్కన పడేసింది.
కిటికీ దగ్గరికెళ్ళి రోడ్డు మీదికి ఒకటే కేక:
"సుఖువా!"
స దగ్గర సన్నటి ఈల. ఒక రిక్షా ఆగింది.
ముందుపళ్ళ వెనక కాస్త అరగదీస్తే పోతుందమ్మా,
అని ఆకురాయి తీశాను.
నా చెయ్యి పట్టుకుంది, ఎండు నెత్తళ్ళ వాసన చేత్తో.
"ఉండనీ బాబూ.
సంత ఆ సివరిదాకా ఇనపడతాది."

తర్వాత నాకేసి తిరిగి, నెమ్మదిగా,
"సాఠియే" అంది,
ఎదురుబేరం కోసం ఆగి.