ఇంకో వంద అడుగులు

కళ్యాణదుర్గం చుట్టూ నేలకు
నేను పొడిచిన తూట్లు ఎన్నో లెక్కలేదు.
బోరు బండి మీద పద్దెనిమిదేండ్లు.
కేసింగు దిగినాక, నల్లరాయి తగిలినాక,
తెల్లటి పొడి ఎగిరి
రైతు మీసాల మీద వాలినాక
నా నోట్లో ఒకటే మాట:
"ఇంకో వంద పోదాం మామా, తేమ వాసన వస్తాంది."

చాలాసార్లు ఏ వాసనా రాలేదు.
అడుగుకింత అని నాకొచ్చేది.

ఇప్పుడు బెంగుళూరులో, చల్లటి గదిలో,
డాక్టరు ఫిలిమును వెలుగుకు పట్టి
మాయక్క కాలేయం మీద మచ్చలు చూపించి
"ఇంకో మూడు సైకిళ్ళు ఇచ్చి చూద్దాం" అన్నాడు.
మెత్తని మనిషి. అబద్ధమాడలేదు.
చూద్దాం అన్నాడంతే.
ఆ మాట లోతెంతో
ఆ గదిలో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

మాయక్క సుంకమ్మ.
బస్టాండుకెదురుగా ఉగ్గాని బండి.
నాలుగ్గంటలకే బొరుగులు నానేస్తే
రాయదుర్గం బస్సు డ్రైవరూ కోర్టు గుమాస్తాలూ
దాని మిరపకాయ బజ్జీ కోసం నిలబడి ఉండేవాళ్ళు.
నా పదో తరగతి ఫీజు ఆ బాండలి లోంచే వచ్చింది,
నూనె మరకతో సహా.

మందు ఎక్కినప్పటి నుంచి దాని నాలుక చచ్చింది.
ఏం తిన్నా ఇనుము నాకినట్టుంది అంటాది.
కాస్త ఓపికొస్తే చాలు, పొయ్యి వెలిగిస్తాది.
గరిటె నా ముందుకు చాపి, "ఉప్పు చూడరా."
"సరిపోయిందక్కా."
ఏడు నెలలు అదే చెప్పినా.
ఒకపూట నోట్లో పెట్టలేనంత,
ఒకపూట అసలే వెయ్యలేదు.
గిరాకీ పలచబడింది.
జబ్బు అంటుకుంటాదని జనం భయపడినారనుకుంది అది.
అనుకోనిచ్చినా.

తిరుగు బస్సు పావగడ దాటినాక,
నిద్రపోయిందిలే అని నేను కన్ను మూసినాక,
"ఒరే ఓబులేసూ" అంది,
"నీ బండిని ఎప్పుడైనా నువ్వే ఆపినావా?"

శెట్టూరు కాడ తిప్పేసామి చేను గుర్తొచ్చింది.
తొమ్మిదొందల ఎనభై. పొడి. ఉత్త పొడి.
నేను ఇంకో రాడ్డు ఎత్తమన్నా.
వాళ్ళాడమనిషి హనుమక్క వచ్చి
ఆ రాడ్డు మీదే కూచుంది.
"సాలు. వాన పడిన ఏడు వేసుకుంటాం.
కాళ్ళు కడుక్కోండి, అన్నాలు తిందురు."

"ఆపింది నేను కాదక్కా, ఆయమ్మ."

కొంచేపు ఏమీ అనలేదు.
కిటికీ గాలికి గుండు మీద తువ్వాల జారితే సర్దుకుని,
"తినేకి ఏం పెట్టింది?" అంది.
"సంగటి. ఊరిబిండి."
"ఊరిబిండిలో బెల్లం వేసిందా?"
గుర్తులేదన్నా.
"అది గుర్తు పెట్టుకోవాల్సింది రా."

మడకశిర మలుపులో నేను గొడవకు దిగినా.
బండి అమ్ముతానన్నా. వడ్డీకి తెస్తానన్నా.
"నా మీద ఇంకో రాడ్డు ఎత్తొద్దు" అనలేదు అది.
"నొప్పికి మాత్రం మంచి మందు అడుగుదాం,
దానికి మొగమాటపడొద్దు" అంది.
తక్కింది ఇంకా తేలలేదు.
బావ ఫోనులో ఏడుస్తాడు. వచ్చే మంగళవారం
ఒప్పుకుంటాదో లేదో నాకు తెలీదు.
ఏ వాసనా తెలీడం లేదు నాకు.

ఈ పొద్దున బండి దగ్గర
గరిటె చాపింది.
నోట్లో వేసుకున్నా.
"ఎక్కువైందక్కా" అన్నా.

గరిటె అట్లే ఆగింది.
ఎన్నాళ్ళ నుంచీ అని అడుగుతాదేమోనని
నేను బస్టాండు గేటు వైపు చూస్తా నిలబడినా.
అది తట్ట లోంచి తడి బొరుగులు రెండు గుప్పిళ్ళు
గట్టిగా, నీళ్ళు కారిపోయేదాకా పిండి,
బాండలిలో వేసి కలిపి, మళ్ళీ చాపింది.
"ఇప్పుడు?"