తెగే కుట్టు

మా నాన్న లాలు సాయిబు దూదేకులవాడు.
పరుపులు కుట్టీ కుట్టీ
ఓ వేసవిలో అంబాసిడర్ సీటు మీదికొచ్చాడు.
పాలకొల్లులో, కాలవగట్టున, రేకుల షెడ్డు.
చించినాడ దగ్గర వంతెన లేని రోజులు.
రాజోలు కొబ్బరిపీచు పంటెక్కి వచ్చేది,
తడిసి, బరువెక్కి, తూకంలో దగా చేసేది.

కింద స్ప్రింగులు, మీద ఆరిన పీచు,
ఆ పైన మెరూన్ రెగ్జిన్.
ఎండపూట కూర్చుంటే తొడలకంటుకుని
లేస్తే చర్ర్‌మనేది.
ముందు సీటు ఒకటే బల్ల:
డ్రైవరు, పక్కన ఇద్దరు,
మొహమాటపడితే ముగ్గురు.
వెనక ఎంతమందో పెళ్ళివారికే తెలియాలి.
బెల్టంటే పంట్లానికి పెట్టుకునేది.
బ్రేకు పడితే
డ్రైవరు ఎడమచెయ్యి
పక్క పిల్లాడి గుండెకి అడ్డమొచ్చేది.
అదొక్కటే ఏర్పాటు.

"కుట్టు తెగితే కుట్టినోడి మాట తెగినట్టేరా,"
అనేవాడు నాన్న
మైనం పట్టించిన దారాన్ని పంటితో లాగి చూస్తూ.

సిద్ధాంతం దగ్గర ఇటుకల లారీని గుద్దిన బండి
ఓరోజు మా షెడ్డుకే వచ్చింది.
డ్రైవరు గుబ్బల అబ్బులు రాలేదు.
స్టీరింగు అతని రొమ్ములో దిగిందన్నారు.
సీటు మీద గీత లేదు.
నాన్న కుట్టు పొడుగునా వేలు నడిపాడు.
ఒక్క పోగూ లేవలేదు.
ఆ పూట మిషను తొక్కలేదు.

నా చేతికొచ్చేసరికి ఫోమొచ్చింది, పీచు పోయింది.
పీచు నూకరాజు కొన్నాళ్ళు టీ తాగడానికి వచ్చాడు,
తర్వాత రావడం మానేశాడు.
బల్లసీటు రెండుగా చీలింది.
మధ్యలో గేరు, గ్లాసులకి గుంటలు, తలకో దిండు.
కిటికీకి పిడి పోయి మీటొచ్చింది.
"కాలవలో పడితే పిడి తిరుగుద్ది, మీట తిరుగుద్దా?"
అంది మా ఖాసింబీ,
కారెక్కి ఎరగని మనిషి.

బెల్టూ వచ్చింది.
అడ్డంగా ఉంది, కవరు కింద కుక్కి కుట్టెయ్యమనేవారు.
ఆయ్, అని కుట్టేశాను. ఎన్నో కుట్టాను.
తర్వాత కారుకి నోరొచ్చింది,
బెల్టు పెట్టకపోతే కుయ్యోమని మొత్తుకునేది.
దాని నోరు మూసే క్లిప్పు ఎనభై రూపాయలు.
గాజుసీసాలో పోసి
చాక్లెట్లలా అమ్మాను.

మొన్నమొన్న సీటు పక్కన సంచి పెట్టారు.
గుద్దుకుంటే రెప్పపాటులో ఉబ్బుతుందట.
భీమవరం డీలరు మనిషొచ్చి చూపించాడు:
ఈ వారన పల్చటి దారం, పొడుగు కుట్టు.
"గట్టిగా వేసేవు బాబాయ్! ఇది తెగాలి."
నవ్వాను.
నా చెయ్యి నవ్వలేదు.
మూడు కవర్లు పాడుచేసింది,
ప్రతిసారీ చివర్లో దొంగతనంగా
ఓ ముడి వేసేస్తూ.

బొంతు ప్రశాంతి రొయ్యల ల్యాబులో చేస్తుంది.
తెల్లారగట్ల, లంకలకోడేరు మలుపులో, మంచు.
ఎదుటి వ్యాను డ్రైవరు తలుపునే గుద్దిందట.
బండి నా దగ్గరికొచ్చింది,
వెనకాలే ఆటోలో ఆవిడా వచ్చింది.
మెడపక్క బెల్టు గీత నల్లగా కమిలి ఉంది.
సంచి గాలిపోయి వేలాడుతోంది
చెరువుగట్టున మరిచిపోయిన వలలా.
చంక ఎత్తునుంచి నడుందాకా
నా కుట్టు బార్లా తెరుచుకుంది.
వేలు నడిపాను.
ఒక్క పోగూ మిగల్లేదు.

"చూశారా, మీ కుట్టే తెగింది,
ఊరికే కుట్టివ్వాలి," అంది.
నాన్నయితే కుట్టిచ్చేసేవాడు.
నేను మూడొందలు తగ్గించాను.

సాయంత్రం సీసాని బల్లకిందికి దించాను.
అడిగినవాళ్ళకి క్లిప్పులైపోయాయంటున్నాను.
అయిపోలేదు.