సోమవారం తీసేయాలి

రాత్రి రెండున్నర. రుషికొండ మీద
మా ఆఫీసు అద్దాలకి ఉప్పుగాలి పొర కడుతోంది.
హార్బర్లో ఐసు టోకెన్లిచ్చే మా ప్రోగ్రాం
బోటుకి రెండేసి కక్కుతోంది.
నాలుగింటికి అవి కదలాలి.
ఫోన్లో ఐసు డిపో గుమస్తా సన్యాసప్పడు:
"మేడం, ఇక్కడ కొట్టుకునేలా ఉన్నారు."

వెతుక్కుంటూ దిగాను, ఆరొందల పన్నెండో వరుస దాకా.
అక్కడొక కామెంటు:
తాత్కాలికం. సోమవారం తీసేయాలి.
ఏ సోమవారమో లేదు.
రాసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి
పేరు చూస్తే, నేనే.
మూడేళ్ల కిందటి నేను,
ఇంకా పర్మనెంటు కాని నేను,
ఇలాంటి రాత్రే.

దాని మీద ఎవరో ఒక "అయితే" పెట్టారు.
ఆ "అయితే" మీద ఇంకెవరో "కాకపోతే".
పదకొండోది ఆ రాత్రి నేను పెట్టాను.
మూడూ నలభైకి టోకెన్లు కుదుటపడ్డాయి,
ఐసు దిగింది, బోట్లు కదిలాయి.
అబద్ధమెందుకు, గర్వంగానే ఉండింది.

ఏప్రిల్లో వేట ఆపేశాక
సన్యాసప్పడు టీకి పిలిస్తే వెళ్లాను.
ఒడ్డున బోర్లించిన పడవ.
చోడిపల్లి మసేను ఉలి పట్టుకుని
పలకల సందుల్లోంచి పాత దూది పీకుతున్నాడు.
దూదితో పాటు ఒక గళ్ల లుంగీ ముక్క వచ్చింది,
తారు పట్టి, రాయిలా.
"ఎవుడెట్టినాడ్రా ఇది?"
"నువ్వే తాతా. ముందటేడు తుపానుకి, నడిసంద్రంలో."
గుడ్డని అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఔనేటి? బాగానే ఎట్టినాను.
మరి ఒడ్డుకొచ్చినాక తియ్యనేదేటి?"
"సేపలు పడతంటే పడవనెవుడు లాగుతాడు తాతా?"
ముసలాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
టీ చల్లారిపోయింది.

మర్నాడు మేనేజరు ఫణిభూషణ్‌ని పదకొండు రోజులడిగాను.
"పైకి కనపడని పనికి గంటలెలా రాయను?" అన్నాడు.
మంచివాడే. మూడిచ్చాడు.

ఏడు పీకాను. పీకిన చోటల్లా
కింద ఏం పుచ్చిందో కనిపించి, ఒక పూట అలా కూర్చుండిపోయాను.
నాలుగు మిగిలాయి.
వాటి పక్కన సోమవారం అని రాయలేదు.
తేదీ వేశాను, ఎందుకు పెట్టామో రాశాను,
నా ఫోన్ నంబరు కూడా.

జూన్ నడుమ మసేను పడవ నీళ్లలోకి దిగింది,
కొత్త దూది, గుగ్గిలం వాసన.
గట్టు మీద నిలబడి చూశాను.
మాది దించక్కర్లేదు.
ఎప్పుడూ నీళ్లలోనే ఉంది.