నీలం తెర

మూడు లాంతర్ల దగ్గర
నా స్టూడియో వెడల్పు ఆరడుగులు.
పాస్‌పోర్టు సైజు ఎనిమిది కాపీలు, పది నిమిషాలు.
మేకుకి ఒక నల్లకోటు.
ఎవరికి వదులైతే వాళ్ళ వీపు వెనకాల
బట్టలక్లిప్పులు పెట్టి బిగిస్తాను.
ఫొటోలో వీపు పడదు కదా.

రాత్రి షట్టరు దించాక
మెట్లమీద పడుకునేవాళ్ళు నలుగురు.
ఆరేళ్ళు వాళ్ళని దాటుకునే ఇంటికెళ్ళాను.
కొత్త కెమెరా కొన్న ఏడాది
ఆగి చూశాను.
చూశాననడం కూడా పెద్దమాటే,
దాలమ్మ చెంపమీద పడ్డ వీధిదీపాన్ని చూశాను.

"అలాగే ఉండమ్మా, కదలకు."
"మరెక్కడికెల్తాను" అంది.
క్లిక్కు వినగానే చెంగు కప్పేసుకుంది.
"సచ్చినోల్లకి గదా బావూ
పొటో కట్టి గోడకెక్కిస్తారు.
నానింకా టీ తాగుతన్నాను గదా."

సూరప్పడు అలా కాదు.
నెల్లిమర్ల జూట్‌మిల్లులో పంతొమ్మిదేళ్ళు,
ఇప్పుడు కాంప్లెక్సు వెనకాల ఖాళీసీసాలు.
పొద్దున్నే కుళాయి కింద తల తడుపుకొచ్చి
నా దువ్వెన అడిగాడు.
అతని గోనెసంచీ, పగిలిన మడమా,
సంచీమీద నిద్రపోతున్న కుక్కపిల్లా
అన్నీ పట్టేలా నేను వెనక్కి జరుగుతుంటే
"అయ్యన్నీ ఒద్దు బావూ.
ఆ నీలంతెర ముందర తియ్యి.
కోటుతోటి."

నాకు వీధి కావాలి.
అతనికి వీధి పడని ఫొటో కావాలి.
కాసేపు ఇద్దరం అలా నిలబడ్డాం,
బేరం తెగని కూరగాయల బండి దగ్గరిలా.

అతనే నెగ్గాడు.
కోటుకి నాలుగు క్లిప్పులు పట్టాయి.
గడ్డం పైకెత్తి కూర్చున్నాడు,
షిఫ్టు గేటు దగ్గర పేరు పిలుస్తారని
చెవి అటే వేసినవాడిలా.
"ఏ కార్డుకి?" అడిగాను.
"కార్డుకి కాదు. నాకే."

ప్రింట్లు చేతికిచ్చాక గాని తెలీలేదు
పెట్టుకోడానికి ఒక చోటుండాలని.
లచ్చుముది మొదటి వానకే ఉబ్బి
ముఖం మీంచి ముఖం ఊడొచ్చింది.
మూగాయనది ఎవరో పొయ్యి రాజేసుకున్నారు.
మళ్ళీ తీసి ఇచ్చినా అంతే కదా.
దాలమ్మ తనది తెచ్చి గాజుబల్లమీద పెట్టింది.
"నీ కాడే ఉంచు బావూ.
నానొచ్చి సూసుకుంటాను."

పెళ్ళిజంటల నమూనాలు దించేసిన చోట
నలుగుర్నీ పెద్ద సైజులో కట్టించి పెట్టాను.
"మీవాళ్ళాండీ?"
బ్యాంకు ఫొటోకి వచ్చినవాళ్ళు అడుగుతారు.
గడ్డం కొంచెం పైకి, అంటాను.
కళ్ళు ఆర్పకండి.

ఎవరో పెద్దమనిషి ఊళ్ళోకి వస్తున్నాడని
ఒక రాత్రి లారీ వచ్చింది.
పొద్దున్నకి మెట్లు కడిగి ఉన్నాయి,
బ్లీచింగ్ వాసన.
దాటడానికి ఎవరూ లేరు,
నా కాలు మాత్రం అలవాటుగా
ఎత్తే పడింది.

పదకొండో రోజున దాలమ్మ వచ్చింది.
చంపావతి వంతెన అవతల దింపేశారట.
కాలివాపు తీసేదాకా అక్కడే ఉండి
ఆగి ఆగి నడిచొచ్చిందట.
"సూరప్పడేడీ?"
"రాడంట.
ఆ మిల్లు గేటు కాడే కూకున్నాడు.
సిన్న పొటో జేబులోనే ఉన్నాది,
అడిగినోడికీ అడగనోడికీ సూపిత్తన్నాడు."

ఇంకేమీ మాట్లాడకుండా గోడ దగ్గరికెళ్ళి
తన ముఖానికి ఎదురుగా నిలబడింది.
"ఒంకరగా ఎట్టీసినావు" అని
చూపుడువేలితో ఒక మూల పైకి నెట్టింది.

వెళ్తూ వెళ్తూ కొంగుముడి విప్పి
గాజుబల్లమీద ఐదురూపాయల బిళ్ళ పెట్టింది.
"ఇదేటమ్మా?"
"అద్దె. గోడకి."

రసీదు పుస్తకం తీశాను.
పేరు రాశాను, తారీఖు వేశాను.
చిరునామా గీతమీద
మా షాపు నంబరే రాశాను.
ఆమె దాన్ని తిరగేసి చూసి,
బొమ్మ లేదేమని అడిగి,
మడిచి ఆ ముడిలోనే కట్టుకుంది.